పడవల పందెం, ఈనెట్, కొన్ని పొరపాట్లు

మా పడవల పందెం ఆటను నేను మద్దిలపాలెంలో విండోస్ ల్యాప్‌టాప్ మీద, మేనత్త కొడుకు గాజువాకలో ఆండ్రాయిడ్ ఫోను మీద ఆడి చూస్తుంటాం. మొదటి రోజే వాడు ఫోను చేశాడు: "బావా, నీ పడవ హార్బర్ గోడ దూకి రోడ్డెక్కింది!" నెట్ బాగాలేదని సర్దిచెప్పాను. తప్పు నాదే.

మేము వాడేది ఈనెట్. ఆటగాళ్ల మధ్య నెట్ మీద సందేశాలు పంపడానికి, క్యూబ్ అనే ఆట కోసం పుట్టిన చిన్న సీ లైబ్రరీ. ఎంఐటీ లైసెన్సు కాబట్టి అమ్మే ఆటలోనూ వాడుకోవచ్చు. చేరిందో లేదో చూసుకోకుండా సందేశాలు పంపే యూడీపీ పద్ధతి మీద నడుస్తూ, మనం కోరిన సందేశాలకు మాత్రం తప్పక చేరే పూచీ ఇస్తుంది. దాన్ని ప్రాజెక్టులో కలుపుకోవడం పెద్ద పనేమీ కాదు. విండోస్‌లో దానితో వచ్చే విన్‌సాక్, విన్ఎంఎం లైబ్రరీలను లింక్ చేయాలి, ఆండ్రాయిడ్ మానిఫెస్ట్‌లో (యాప్ వివరాల ఫైలులో) ఇంటర్నెట్ అనుమతి అడగాలి, అంతే.

ఈనెట్‌లో వచ్చిన సందేశాలను అందుకునే పని హోస్ట్ సర్వీస్ ఫంక్షన్‌ది. ఎంతసేపు వేచి ఉండాలో దానికి మిల్లీసెకన్లలో చెబుతాం. నమూనా కోడ్ చూసి నేను 1000 పెట్టాను. సందేశం రాకపోతే ఆట మొత్తం సెకనుపాటు కొయ్యబారిపోయేది. ఆట లోపల సున్నా పెట్టండి. ప్రతి ఫ్రేములోనూ అది సున్నా తిరిగి ఇచ్చేదాకా పిలుస్తూ ఉండండి. ఒక్కసారి పిలిచి వదిలేస్తే సందేశాలు పేరుకుపోతాయి. అందుకున్న ప్యాకెట్‌ను (సందేశపు మూటను) చదివాక మీరే పారేయాలి. పంపిన ప్యాకెట్ బాధ్యత మాత్రం ఈనెట్‌దే, దాని జోలికి వెళ్లకండి.

ఇక అసలు సంగతి. పడవ ఎక్కడుందో సెకనుకు 20 సార్లు పంపుతాం. అందులో ఒకటి పోయినా తరువాతిది వస్తుంది. చేప వలలో పడిందన్న వార్త మాత్రం పోకూడదు. నేను అన్నింటినీ రిలయబుల్ (పూచీతో చేరేవి) చేశాను. పోయిన ఒక్క ప్యాకెట్ మళ్లీ వచ్చేదాకా వెనకవన్నీ ఆగేవి, పడవ నిలిచిపోయి ఒక్కసారిగా ముందుకు గెంతేది. ఈనెట్ ఒకే కనెక్షన్‌లో ఛానెళ్లనే విడివిడి వరసలు ఇస్తుంది. ఇప్పుడు స్థానం సున్నా ఛానెల్‌లో పూచీ లేకుండా, చేపల లెక్క ఒకటో ఛానెల్‌లో పూచీతో వెళ్తున్నాయి. ఒకే ఛానెల్‌లో కలిపితే, చేపల వార్త పోయినప్పుడు దాని వెనక పంపిన స్థానాలు మళ్లీ దాని కోసం ఆగుతాయి.

మరి పడవ గోడెందుకు దూకింది? పడవ వివరాలన్నీ ఉన్న స్ట్రక్చర్‌ను ఉన్నదున్నట్లు మెమరీలోంచి తీసి పంపాను. అందులో సమయానికి లాంగ్ అనే సీ పూర్ణాంక రకం వాడాను. అది 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లు, 64 బిట్ల ఆండ్రాయిడ్‌లో 8. దాని తర్వాతి అంకెలన్నీ పక్కకు జరిగాయి. ఇప్పుడు ప్రతి విలువనూ 32 బిట్ల పూర్ణాంకంగా, సెంటీమీటర్లలో, పెద్ద బైటు ముందు వచ్చేలా చేత్తో పేర్చి పంపుతున్నాను.

ఒకటి మిగిలింది. వాడు వీధిలోకి రాగానే ఫోను వైఫై వదిలి మొబైల్ డేటాకు మారుతుంది, చిరునామా మారిపోతుంది. ఈనెట్ అతన్ని గుర్తుపట్టదు. మామూలు అమరికలో 5 నుంచి 30 సెకన్ల లోపు పాత కనెక్షన్ తెగిపోతుంది. అందుకే ఆటలో చేరగానే ప్రతి ఒక్కరికీ ఊహకందని ఒక అంకె ఇస్తున్నాను. తిరిగి వచ్చి అదే అంకె చూపిస్తే పాత పడవే దక్కుతుంది, పట్టిన చేపలతో సహా.