మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లే ముందు ఒక పేజీ చరిత్ర రాసుకోవడం ఎలా

ఏళ్ల తరబడి సన్నగా సాగే దిగులును డాక్టర్లు డిస్థీమియా అంటారు. పర్సిస్టెంట్ డిప్రెసివ్ డిజార్డర్ అన్నది దానికి కొత్త పేరు. ఇది మనిషిని మంచాన పడేయదు, అదే దీనితో వచ్చిన చిక్కు. వంట అవుతుంది, ఆఫీసుకు వెళతాం, పెళ్లిళ్లలో ఫొటోలకు నవ్వుతాం. డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే "ఫరవాలేదండీ, కాస్త నీరసం" అంటాం. బి కాంప్లెక్స్ మాత్రలు రాయించుకుని ఇంటికి వచ్చేస్తాం.

నాకు ఇంటర్మీడియట్ రోజుల నుంచీ ఇది ఉంది. నేను సహకార బ్యాంకులో ఖాతాలు చూస్తాను. ఈ రోజు నిల్వ ఒక్కటే చూసి ఖాతా సంగతి చెప్పలేం, పాత పద్దులు తిరగేయాలి. ఈ జబ్బూ అంతే. ఆసుపత్రుల్లో నింపించే తొమ్మిది ప్రశ్నల కాగితం, పీహెచ్‌క్యూ-9, గడిచిన రెండు వారాల గురించే అడుగుతుంది. పెద్దవాళ్లలో డిస్థీమియా అని తేల్చాలంటే మాత్రం కనీసం రెండేళ్ల కథ కావాలి, పిల్లలకైతే ఏడాది. ఆ కథను మనమే పట్టుకెళ్లాలి.

ఒక్క మాట ముందే చెప్పాలి. చావాలన్న ఆలోచనలు వస్తుంటే ఈ కాగితం పని పక్కన పెట్టండి. ఇంట్లో ఒకరికి చెప్పి ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి. లేదా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మిగతావాళ్లు ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టుకోండి. నడిమధ్యన ఒక గీత గీయండి, అది మీ మామూలు స్థితి. కింది అంచున సంవత్సరాలు వేయండి. పెన్సిలే వాడండి, చెరపక తప్పదు. ఇప్పుడు మీ మనసు ఏ ఏడాది ఎంత కిందికి ఉందో రెండో గీతగా గీయాలి. "2009లో నా మనసు ఎలా ఉంది?" అని అడుగుకుంటే ఎవరికీ ఏమీ గుర్తురాదు. "ఇల్లు మారిన ఏడాది సంక్రాంతికి అరిసెలు వండానా, కొన్నానా? పెద్దదాని స్కూలు వార్షికోత్సవానికి వెళ్లానా, తలనొప్పి అన్నానా?" అని అడుగుకోండి, జవాబు వస్తుంది. పాత సెలవు చీటీలు, ఫొటోలు, మందుల చీటీలు ముందు వేసుకోండి. మా అక్కను అడిగితే "నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే కదే" అంది. ఆ మాటనూ తేదీతో సహా రాసుకోండి. చాలాకాలం డాక్టర్లు కూడా దీన్ని స్వభావం కిందే జమకట్టారు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో ఇది డిప్రెషన్ల వరుసలో చేరింది 1980లో.

గీత దిగిన కాలాల్లో ఆకలి, నిద్ర, ఓపిక, ఏకాగ్రత, తన మీద తనకు గౌరవం, రేపటి మీద ఆశ, వీటిలో ఏవి దెబ్బతిన్నాయో పక్కన రాయండి. డిస్థీమియా అని తేల్చడానికి వీటిలో రెండు ఉన్నా చాలు. వరుసగా రెండు నెలలకు మించి తేలికగా గడిచిన కాలాలను విడిగా గుర్తుపెట్టండి. ఈ రెండేళ్లలో అలాంటి విరామం ఉంటే డాక్టరు లెక్క మారుతుంది.

తరువాత గుంతలు వెతకండి. దిగులు ఉన్నట్టుండి మరీ లోతుకు పడిపోయి, స్నానం కూడా బరువైన వారాలు. నాకు రెండో కాన్పు తరువాత అలాంటిది వచ్చింది. 1982లో కెల్లర్, షపీరో అనే పరిశోధకులు దీనికి డబుల్ డిప్రెషన్ అని పేరు పెట్టారు, పాత దిగులు మీద పెద్ద డిప్రెషన్ వచ్చి కూర్చోవడం. చికిత్సతో గుంతలోంచి బయటపడి మళ్లీ పాత దిగులు మట్టానికి రాగానే ఇంటిల్లిపాదీ "తగ్గిపోయింది" అంటారు, మనమూ మందు మానేస్తాం. కాగితం మీద చూస్తే తెలుస్తుంది, గీత ఇంకా మామూలు స్థితికి కిందనే ఉంది.

గీత మామూలు స్థితికి పైకి లేచిన గుట్టలనూ వదలకండి, నా దృష్టిలో వీటిదే అసలు ప్రాముఖ్యం. నాలుగు రోజులో, వారమో నిద్ర లేకపోయినా అలసట రాకపోవడం, ఆపకుండా మాట్లాడటం, అవసరం లేని కొనుగోళ్లు. ఆ రోజులు బాగున్నట్టే అనిపిస్తాయి కాబట్టి ఎవరూ జబ్బు కింద చెప్పరు. అది బైపోలార్ జాడ కావచ్చు, అంటే దిగులూ, హద్దు దాటిన హుషారూ విడతలుగా వచ్చే జబ్బు. అలాంటివాళ్లకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనసు అదుపు తప్పి పైకి ఎగిసే ప్రమాదం ఉంది.

ఆందోళనకు వేరే రంగు పెన్సిలు తీసుకోండి. దడ, నలుగురిలో మాట్లాడాలంటే భయం, ఊరికే కీడు శంకించడం దిగులుకు తరచూ తోడుంటాయి. ఏది ముందు వచ్చిందో గీతలే చెబుతాయి. మద్యం అలవాటున్నవాళ్లు అది మానేసిన నెలల్లో దిగులు ఉందా, పోయిందా అన్నది తప్పక రాయాలి. శరీరం సంగతులకు ఎక్కువ చోటు అక్కర్లేదు. థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షల ఫలితాలు, వాడుతున్న మందుల పేర్లు చాలు. థైరాయిడ్ మందగించినా మనిషి ఇలాగే ఉంటాడు.

లోపలికి వెళ్లగానే నీరసం గురించి మొదలుపెట్టకండి. "ఇది ఫలానా ఏడాది నుంచి ఉందండీ" అని కాగితం ముందుంచండి. ఓపీలో రద్దీ ఉంటే డాక్టరు గుంతలూ గుట్టలూ చూసినా చాలు. చూడకుండా కాగితం పక్కన పెట్టేస్తే "బైపోలార్ కాదని చూశారా?" అని మర్యాదగానే అడగండి.

మందు మొదలైతే తేదీ, మోతాదు అదే గీత మీద వేయండి. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, సొంతంగా ఆపకూడదు. ఏళ్లనాటి దిగులుకు మందుతోపాటు మాటలతో చేసే చికిత్స కూడా కలిస్తే మేలు, దాని గురించి అడగండి. కాగితం జిరాక్సు తీయించి ఒకటి ఫైలులో, ఒకటి ఇంట్లో మీ గుట్టలను గుర్తుపట్టగల మనిషి దగ్గర పెట్టండి.