పంచాయతీ సొమ్ము సొంత పనికి పోయిందా? తేల్చుకునే పద్ధతి

వేసవి రాగానే గోదావరి డెల్టా గ్రామాల్లో రెండు పనులు మొదలవుతాయి. కాలువలు కట్టేసి పూడిక తీయించడం మొదటిది. ఈసారి సిమెంటు రోడ్డు ఎవరి రొయ్యల చెరువు దాకా పడిందో, కల్వర్టు ఎవరి కొబ్బరితోటకు దారి చూపిందో వాదించుకోవడం రెండోది. మొదటిదానికి గడువు ఉంటుంది, రెండోదానికి ఉండదు. రావిచెట్టు అరుగు మీద మొదలైన ఆ వాదన సంక్రాంతి దాకా సాగి, ఎన్నికలు దగ్గరపడితే పార్టీల తగువుగా మారి, చివరికి రోడ్డు సంగతే మరుగున పడిపోతుంది. ఇరువైపులా మాట్లాడేవారి చేతిలో ఒక్క కాగితమైనా లేకపోవడమే దీనికి కారణమని నా అభిప్రాయం. ఆ కాగితాలు ఏవో, వాటిని ఎక్కడ, ఏ వరుసలో సంపాదించాలో, సంపాదించాక ఎలా చదవాలో కింద రాస్తున్నాను.

కాగితాల కన్నా ముందు ప్రశ్నను సరిచేసుకోవాలి. "దీనివల్ల ఫలానా ఆయన బాగుపడ్డాడు కదా" అని అడిగితే ఆ వాదన ఎటూ తేలదు, ఎందుకంటే ప్రభుత్వం ఏ పని చేసినా ఎవరో కొందరు మిగతావారికన్నా ఎక్కువగా బాగుపడుతూనే ఉంటారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ కింద భూమి ఉన్నవారే ముందుగా కళ్లం నింపుకున్నారు. అంతమాత్రాన ఆనకట్టను సొంత పని అని ఎవరూ అనరు. రాజ్యాంగం 282వ అధికరణం కేంద్రమైనా రాష్ట్రాలైనా ప్రజా ప్రయోజనం కోసం గ్రాంట్లు ఇవ్వవచ్చని చెబుతుంది గాని, ప్రజా ప్రయోజనం అంటే ఏమిటో నిర్వచించదు. తమిళనాడులో టీవీలు, మిక్సీలు, గ్రైండర్లు పంచిన వివాదంలో సుప్రీంకోర్టు 2013 జూలైలో తీర్పు ఇస్తూ, అటువంటి పథకాలు రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాల అమలులో భాగమేనని, వస్తువు వ్యక్తి ఇంట్లోకి చేరినంత మాత్రాన ఖర్చు చెల్లనిది కాబోదని అభిప్రాయపడింది. 2022 ఆగస్టులో అదే న్యాయస్థానం ఈ అంశాన్ని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పరిశీలనకు పంపింది. ఢిల్లీలోనే తెగని చర్చ మన రచ్చబండ దగ్గర తెగకపోవడంలో వింత లేదు.

అందుచేత పెద్ద చర్చను పెద్దవారికి వదిలి, ఊళ్లోని పని వరకు నేను ఒకే గీటురాయి వాడతాను. రేపు ఆ స్థలం యజమాని గేటు పెట్టి తాళం వేస్తే, ఆ తాళం తీయించే హక్కు పంచాయతీకి ఉందా? ఉంటే, ఆ దారిన రోజుకు ఒక్కరే నడిచినా అది ఊరి పని. లేకపోతే, యజమాని మంచితనం వల్ల ఊరంతా నడుస్తున్నా అది సొంత పని. దీనికి ఒక మినహాయింపు ఉంది. కొన్ని పథకాల్లో వ్యక్తి స్థలంలో ఖర్చు చేయడానికి చట్టమే అనుమతిస్తుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకూ, చిన్న, సన్నకారు రైతులకూ సొంత పొలంలో తవ్విన నీటి కుంటలు, కట్టిన పశువుల పాకలు ఆ కోవలోనివే. అటువంటి చోట స్థలం గురించి కాకుండా అర్హత గురించి అడగాలి: ఆ పేరు జాబితాలోకి ఎలా వచ్చింది, అంతకన్నా అర్హులు ఎవరైనా మిగిలిపోయారా అని.

గీటురాయికి అందని సందర్భమూ ఒకటి ఉంది. గ్రామ పంచాయతీ భవనాలకు అధికార పార్టీ జెండాను పోలిన రంగులు వేయాలన్న ఉత్తర్వును 2020లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వం వేసుకున్న అప్పీలును ఆ ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. భవనం ఊరిదే, తాళం చెవి కార్యదర్శిదే, అయినా రంగు వల్ల కలిగే పేరు మాత్రం వేరొకరిది. ఆర్చీలు, శిలాఫలకాలు, విగ్రహాల దిమ్మెలు వంటి పనులు చూసేటప్పుడు "దీనివల్ల ఎవరి పేరు పెరుగుతుంది" అన్న ప్రశ్నను కూడా పక్కన పెట్టుకోవాలి.

ఇక అసలు పని నేల దగ్గర మొదలవుతుంది. వివాదంలో ఉన్న రోడ్డు లేదా కల్వర్టు ఏ సర్వే నంబరులో ఉందో తెలియకుండా ఒక్క అర్జీ కూడా రాయవద్దు. ప్రభుత్వ మీభూమి పోర్టల్‌లో అడంగల్ (భూమి, సాగు వివరాల రికార్డు) చూడవచ్చు. గ్రామ సచివాలయంలోని సర్వేయరును అడిగితే గ్రామ నక్షాలోనూ, సర్వే కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీలోనూ ఆ నంబరు చూపిస్తారు. మన ప్రాంతంలో పుంత, డొంక (ఊరి దారులు), గ్రామకంఠం (ఊరి నివాస స్థలం), కాలువ గట్టు, డ్రెయిన్ పోరంబోకు (మురుగు కాలువకు చెందిన ప్రభుత్వ భూమి) అన్నవి వేర్వేరు సంగతులు. పుంత మీద పంచాయతీ రోడ్డు వేయవచ్చు. కాలువ గట్టు మీద వేయాలంటే జలవనరుల శాఖ అనుమతి ఉండాలి. పట్టా భూమి మీద వేయాలంటే యజమాని ఆ ముక్కను పంచాయతీకి రాసి ఇచ్చి ఉండాలి. నోటిమాటగా "వేసుకోండి" అన్న అనుమతికి పైన చెప్పిన తాళం పరీక్షలో విలువ లేదు.

నా అనుభవం ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. మా ఊళ్లో బోదె దాటి ఒక్క కొబ్బరితోటలోకే వెళ్తున్నట్టు కనిపించే కల్వర్టు ఒకటి కట్టారు. దానిని చూసి రెండు నెలలపాటు నేను కనబడిన ప్రతివారితోనూ అది సొంత పని అని వాదించాను. తీరా ఎఫ్‌ఎంబీ తీయిస్తే, తోట మధ్య నుంచి అవతలి లంక పొలాలకు వెళ్లే పుంత అందులో స్పష్టంగా గీసి ఉంది. తరాల కిందట రెండు పక్కలా కొబ్బరి మొక్కలు నాటుకుంటూ రావడంతో దారి సన్నబడి తోటలో కలిసిపోయింది. కల్వర్టు సరైన చోటే ఉంది. ఆక్రమణ వేరొక విషయం, దానికి వేరే అర్జీ పెట్టాలి. చూసిన కన్ను చెప్పేదానికీ నక్షా చెప్పేదానికీ ఇంత తేడా ఉంటుంది.

లేఅవుట్ల విషయం అంత చిక్కు కాదు. పొలాన్ని ప్లాట్లుగా వేసి అమ్మేవారు లోపలి రోడ్లు, డ్రెయిన్లు సొంత ఖర్చుతో వేసి, రోడ్లను, ఉమ్మడి స్థలాన్ని పంచాయతీకి అప్పగించాలి. అప్పగించకముందే, లేదా అనుమతి లేని లేఅవుట్‌లో, పంచాయతీ సొమ్ముతో రోడ్డు పడిందంటే అమ్మకందారు పెట్టవలసిన ఖర్చును ఊరు పెట్టినట్టే. లేఅవుట్ మంజూరు కాగితం, అప్పగింత దస్తావేజు, రోడ్డు పని ఉత్తర్వు, ఈ మూడింటి తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

నేల తేలాక సొమ్ము ఏ పద్దులోదో చూడాలి. ఇంటి పన్ను, కుళాయి పన్ను, చేపల చెరువు పాట, సంత పాట వంటివి సాధారణ నిధిలోకి వస్తాయి. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 2021-22 నుంచి అయిదేళ్లపాటు 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడినది; మిగిలిన 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకోమన్నారు గాని, జీతాలకు, కార్యాలయ నిర్వహణకు వాడకూడదన్నారు. అందువల్ల రోడ్డు అచ్చంగా ఊరిదే అయినా, తాగునీటి పద్దులోంచి దానికి చెల్లిస్తే అదీ తప్పే. ఎంపీ నిధులైతే ఒక్కో సభ్యునికి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. ఆ మార్గదర్శకాల ప్రకారం వాణిజ్య సంస్థలకు చెందిన పనులు గాని, వ్యక్తుల సొంత లబ్ధికి ఉపయోగపడే ఆస్తులు గాని చేపట్టకూడదు. పంచాయతీ ఖర్చులు, చెల్లింపులు 2020 ఏప్రిల్‌లో మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ పేరుతో వెతికితే కనిపిస్తాయి. అక్కడ పని పేరు, మొత్తం, చెల్లింపు తేదీ రాసుకుని ఉంచుకుంటే తరువాతి దరఖాస్తు సగం తయారైనట్టే.

ఆ దరఖాస్తు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పెట్టాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. ఎక్కువమంది చేసే పొరపాటు "ఆ రోడ్డు అక్కడ ఎందుకు వేశారు?" అని రాయడం. చట్టం రికార్డు ఇమ్మంటుంది గాని సంజాయిషీ ఇమ్మనదు. కింది నమూనాలా రాస్తే తిప్పి పంపడం కష్టం:

"మా గ్రామంలో సర్వే నంబరు ...లో ...వ సంవత్సరంలో వేసిన సిమెంటు రోడ్డుకు సంబంధించి: పంచాయతీ తీర్మానం నకలు, అంచనా, సాంకేతిక మంజూరు, పరిపాలనా మంజూరు ఉత్తర్వుల నకళ్లు, ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకం) ఆ పనికి చెందిన పేజీల నకళ్లు, బిల్లులు, చెల్లింపు వోచర్ల నకళ్లు, స్థలం పట్టా భూమి అయితే యజమాని పంచాయతీకి రాసి ఇచ్చిన దస్తావేజు నకలు ఇప్పించగలరు. పనిని తనిఖీ చేసి, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకోవడానికి తేదీ, సమయం తెలియజేయగలరు."

చివరి వాక్యం చాలామందికి తెలియని హక్కు. చట్టం 2వ సెక్షన్‌లోని సమాచార హక్కు నిర్వచనంలోనే పనుల తనిఖీ, సామగ్రి నమూనాలు ఉన్నాయి. జవాబుకు 30 రోజులు గడువు. గడువు దాటితే తిరస్కరించినట్టే లెక్క, పైగా ఆ తరువాత ఇచ్చే నకళ్లకు డబ్బు తీసుకోకూడదు. మొదటి అప్పీలుకు 30 రోజులు, రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలుకు 90 రోజులు ఉంటాయి. లబ్ధిదారుల పేర్లు అడిగినప్పుడు వ్యక్తిగత సమాచారమని నిరాకరించే అవకాశం ఉంది. రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలను కార్యాలయాలు తమంతట తామే ప్రకటించాలని 4వ సెక్షన్ చెబుతోందని అప్పీలులో రాయాలి.

కాగితాలు వచ్చాక ముందుగా తేదీలు చదవాలి. తీర్మానం కన్నా పని ముందు మొదలైందంటే, ఎవరో చేయించుకున్న పనికి తరువాత ఊరి ముద్ర వేశారని అనుమానించవచ్చు. తరువాత ఎం-బుక్‌లోని పొడవు, వెడల్పు, మందం తీసుకుని, టేపు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఇద్దరు వార్డు సభ్యులను తోడు తీసుకెళ్లండి, వారిలో ఒకరు సర్పంచి పక్షం వారైతే మరీ మంచిది.

డెల్టాలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినవి పూడికతీత, గుర్రపుడెక్క తొలగింపు పనులు. రోడ్డును పదేళ్ల తరువాతైనా కొలవవచ్చు. కాలువలకు నీళ్లు వదిలాక తీసిన పూడిక ఎంతో చెప్పగలిగేవారు ఉండరు. ఎకరానికి సార్వాకు (ఖరీఫ్), దాళ్వాకు (రబీ) నీటి తీరువా కట్టే రైతుకు ఈ లెక్క అడిగే హక్కు పూర్తిగా ఉంది. పని మొదలుకాకముందే అంచనా నకలు తీసుకుని, లాకు గాని, వంతెన గాని, కిలోమీటరు రాయి గాని కనిపించేలా మూడుచోట్ల తేదీతో సహా ఫొటోలు తీయాలి. పని పూర్తయ్యాక, నీళ్లు వదలకముందు, అవే చోట్ల మళ్లీ తీయాలి. ఇంకొక ప్రశ్న చాలామంది అడగరు: తీసిన మట్టి ఎటు వెళ్లింది? గట్టు మీద పడవలసిన మట్టి ట్రాక్టర్లలో ఎవరి పల్లపు స్థలం పూడ్చడానికో, ఎవరి చెరువు గట్లు లేపడానికో వెళ్లిందంటే, ప్రభుత్వ ఖర్చుతో ఒకరి స్థలం మెరక వేసినట్టు. పూడికతీత అంచనాలో మట్టిని ఎక్కడ వేయాలో ఏమి రాసి ఉందో చూసి, దానిని పట్టుకోవాలి.

ఇంతదాకా సేకరించినది చెప్పే చోటు గ్రామసభ. రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ అందులో సభ్యులే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు జరిగిన సంగతి గుర్తుండే ఉంటుంది. మామూలు రోజుల్లో జరిగే సభకు మాత్రం పది మంది రావడమే గొప్ప. అక్కడ ఆరోపణ చేయవద్దు, ప్రశ్న అడగండి. "సర్పంచి గారూ, ఈ రోడ్డు ఫలానా సర్వే నంబరులో ఉందని ఎఫ్‌ఎంబీ చెబుతోంది, అది పట్టా భూమి, దస్తావేజు ఉంటే సభకు చూపించి, ఈ ప్రశ్నను, మీ జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించండి" అన్నంత వరకే మాట్లాడాలి. ఒక పంచాయతీలో సగం మంది సగం మందికి బంధువులు కాబట్టి మాట జారితే అది పెళ్లిళ్ల దాకా వెళ్తుంది.

పుస్తకంలోకి ఎక్కిన ప్రశ్న ఆడిట్‌కు పనికివస్తుంది. పంచాయతీ లెక్కలను రాష్ట్ర ఆడిట్ శాఖ తనిఖీ చేస్తుంది. 1989 నాటి రాష్ట్ర ఆడిట్ చట్టం కింద అక్రమంగా ఖర్చయిన సొమ్మును బాధ్యుల నుంచి రాబట్టడానికి సర్‌ఛార్జి వేయవచ్చు. నకళ్లు జతపరిచి జిల్లా ఆడిట్ అధికారికి ఒక అర్జీ, జిల్లా పంచాయతీ అధికారికి ఒకటి పంపి, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రసీదు తీసుకోవాలి. ఆ ఏడాది ఆడిట్ నివేదికను మళ్లీ సమాచార హక్కు కిందే అడగవచ్చు.

కాగితాలు ఎదుటివారి పక్షాన తేలితే, అడిగిన చోటే ఆ మాటా చెప్పాలి. కొబ్బరితోట యజమాని నాకు బాబాయి వరస. తరువాతి గ్రామసభలో నేను లేచి, "బాబాయిగారూ, అది పుంతే, నేనే పొరబడ్డాను" అని చెప్పి, ఎఫ్‌ఎంబీ నకలు తీర్మానాల పుస్తకానికి జతచేయించాను. ఆయన అప్పుడేమీ అనలేదు. మధ్యాహ్నం మా ఇంటికి ఒక బొండాల గెల పంపించారు. పుంత ఆక్రమణ మీద రెండో అర్జీ ఇంకా పెట్టవలసి ఉండగా దానిని తీసుకోవచ్చా, తిప్పి పంపాలా అన్నదాని మీద మా ఇంట్లో సాయంత్రం దాకా వేరే చర్చ నడిచింది.