కట్టుకు నిలవని పశువు: తాడు బిగించే ముందు చూడవలసినవి

పలుపు వేయడం, ముక్కుతాడు అందుకోవడం, పశువు పక్కన ఎక్కడ నిలబడాలో తెలిసి ఉండడం వంటివి వచ్చినవారి కోసమే ఇది రాస్తున్నాను. టీకాలకు, చూడి పరీక్షలకు, కృత్రిమ గర్భధారణకు పశువులను పట్టి నిలబెట్టే పనిని నేను చాలా ఏళ్లుగా చేస్తున్నాను. నన్ను పిలిచిన చోటల్లా దాదాపు ఒకే దృశ్యం ఎదురవుతుంది. పశువు మొండికేసి ఉంటుంది, నలుగురు చుట్టూ చేరి ఉంటారు, ఒకరు రెండో తాడు తెస్తుంటారు, ఇంకొకరు తోక మెలిపెడుతుంటారు. ఆ పశువు పొదుగును గాని, గిట్టలను గాని, ముక్కు రంధ్రాన్ని గాని వంగి చూసినవారు మాత్రం ఒక్కరూ ఉండరు. నిన్నటిదాకా కుదురుగా ఉన్న పశువు ఈరోజు నిలవడం లేదంటే దాని స్వభావం రాత్రికి రాత్రి మారిపోలేదు. దానికి ఎక్కడో నొప్పి పుట్టింది, లేదా ఏదో చూసి బెదిరింది. సుడి మంచిది కాదని తక్కువ ధరకు అమ్మేసిన గేదెలలో పొదుగు వాపుతో బాధపడుతున్నవాటిని నేను స్వయంగా చూశాను.

లక్షణం: పాలు పితికేటప్పుడు తన్నడం

ముందు పొదుగును నాలుగు వైపులా అరచేతితో తాకి చూడండి. ఒక భాగం మిగతావాటికంటే వేడిగా లేదా గట్టిగా ఉంటే, ఆ చన్ను నుంచి తొలి రెండు మూడు ధారలను నల్లటి గుడ్డ మీద పిండండి. విరిగిన పాల ముక్కల వంటివి కనబడితే అది పొదుగు వాపు, చికిత్స వెంటనే మొదలు కావాలి. పాలు మామూలుగానే ఉంటే చన్నుల మీద పగుళ్లు, పుండ్లు ఉన్నాయేమో వెలుతురులో చూడండి, ఆ తరువాత పితికేవారి గోళ్లు కూడా చూడండి. తొలిచూలు పశువుకు ఈనిన కొత్తలో పొదుగు నీరుపట్టి తాకితేనే నొప్పిగా ఉంటుంది కనుక, దానికి చాలావరకు కొద్దిరోజుల ఓపికే మందు.

చికిత్స జరిగే రోజుల్లో బందం వేయవలసి వస్తే, మెత్తని నూలు తాడును రెండు వెనక కాళ్లకు మధ్య కీలుకు (హాక్) పైన ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, ఒక్క లాగుకు ఊడిపోయేలా ముడి వేయండి. ఆ తాడు కొసను గుంజకు కట్టకండి, ఎందుకంటే పశువు జారి పడితే కాలు విరిగేది అక్కడే. తోకను మొదట్లో పట్టుకుని నిటారుగా పైకెత్తితే చాలా పశువులు తన్నడం ఆపుతాయి. తోకను మధ్యలో పట్టి మెలిపెడితే ఎముకలు విరుగుతాయి. ఆవు గుర్రంలా నేరుగా వెనక్కి తన్నడంతో సరిపెట్టదు, కాలిని ముందుకు తెచ్చి పక్కకు చుట్టి విసురుతుంది. అందుచేత దూరంగా నిలబడి చేయి చాచడం కన్నా ఒంటికి ఆనుకుని నిలబడడమే క్షేమం.

లక్షణం: ముక్కుతాడు అందనివ్వకపోవడం

తాడును కొద్దిగా జరిపి రంధ్రం లోపల చూడండి. పుండు ఉంటుంది, వానాకాలంలో పురుగులు కూడా పడి ఉండవచ్చు. మానేవరకు ముక్కుతాడు తీసివేసి, ముఖానికి చుట్టి వేసే తాడుతో నడిపించండి. ఇంతకంటే ఇందులో లోతు లేదు.

లక్షణం: ట్రెవిస్‌లోకి రాకపోవడం, వచ్చినా ఎగిరిపడడం

ట్రెవిస్ అంటే పశువును కదలకుండా నిలబెట్టే గొట్టాల చట్రం. పశువు అందులోకి రాకపోవడానికి సాధారణ కారణాలు కొన్ని ఉన్నాయి. పశువు కళ్లు తలకు పక్కల ఉండడంవల్ల అది దాదాపు చుట్టూ చూడగలుగుతుంది గాని, నేల మీద పడిన నీడ గీతో గుంటో తెలుసుకోవడానికి తల దించి ఆగవలసి వస్తుంది. ఆగిన క్షణంలోనే మనం వెనకనుంచి కర్ర ఎత్తుతాం. గొట్టానికి వేలాడే ప్లాస్టిక్ సంచి, కాలు జారే గచ్చు, కిందటిసారి అక్కడే పొడిచిన సూది కూడా కారణాలే. నేల మీద ఇసుక చల్లి, సంచి తీసేసి, ఒక నిమిషం ఆగితే సగం పశువులు వాటంతట అవే నడుస్తాయి.

మిగిలిన సగంలో ఒక కారణం దాగి ఉంటుంది, దానివల్ల నేను దెబ్బతిన్నాను. ఇనుప ట్రెవిస్‌కు కరెంటు దిగడమే ఆ కారణం. మనిషికి తెలియనంత స్వల్పంగా దిగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మనకు కాళ్లకు చెప్పులుంటాయి, పశువు మాత్రం తడి గచ్చు మీద నాలుగు కాళ్లు మోపి, తడి మూతితో ఇనుమును తాకుతుంది. దాని ఒంటి నిరోధం సుమారు 500 ఓములే కాబట్టి 2 నుంచి 4 వోల్టులకే ఇబ్బంది పడడం మొదలవుతుంది.

ముర్రా గేదెలున్న ఒక కొట్టంలో రెండేళ్లుగా దానంతట అదే ట్రెవిస్‌లోకి నడిచిన గేదె, గాలివాన వచ్చిన వారంలో అడుగు పెట్టడం మానేసింది. నలుగురం కలిసి లాగాం. గేదె ముంగాళ్ల మీద పడింది, మోకాళ్ల చర్మం లేచిపోయింది. మర్నాడు రెండో గేదె కూడా ఆగిపోయినప్పుడైనా నాకు తెలిసి ఉండవలసింది, ఎందుకంటే మొండితనం ఒక గేదె నుంచి ఇంకొకదానికి అంటుకోదు. టెస్టర్ పెట్టి చూశాను, వెలగలేదు. మోటారు ఆపి చూశాను, గేదె రాలేదు. కరెంటు కాదని తేల్చేశాను. ఆ రెండు పరీక్షలూ పనికిరానివే. నియాన్ టెస్టర్ కొన్ని పదుల వోల్టులు దాటితేగాని వెలగదు. మోటారుకు ఆ లోపంతో సంబంధమే లేదు.

అసలు ఆధారం తొట్టి దగ్గర దొరికింది. ట్రెవిస్‌కు ఆనుకుని ఉన్న ఇనుప తొట్టిలో గేదె మూతి ముంచలేదు. ముక్కుపుటాలు బిగించి, నాలుక కొసతో కుక్కలా రెండుసార్లు నీళ్లు గతికి, తల చటుక్కున వెనక్కి తీసుకుంది. అప్పుడే గచ్చు కడిగి తడికాళ్లతో ఉన్న నేను చెప్పులు లేకుండా వెళ్లి మణికట్టు వెనక భాగంతో గొట్టాన్ని తాకితే చీమ పాకినట్టు జివ్వుమంది. అలా తాకడం తప్పు, మీరు చేయకండి. మీటరు పెడితే 4 వోల్టులు చూపింది, కొట్టంలో బల్బు, ఫ్యాను ఆపగానే సున్నాకు దిగింది. గాలివానకు న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగిపోతే ఎవరో ఆ తీగ కొసను ట్రెవిస్ కాలికి చుట్టి భూమినే న్యూట్రల్‌గా వాడుకున్నారు. పల్లెల్లో బోరు గొట్టానికో, నేలలో పాతిన కడ్డీకో ఇలా చుట్టి బల్బు వెలిగించడం అందరం చూస్తున్నదే. పశువుకే కాదు, ఆ తీగ ఊడిన రోజున దాన్ని తాకిన మనిషికీ ప్రాణాపాయమే.

పరీక్షించే పద్ధతి ఇది. రబ్బరు బూట్లు వేసుకుని, మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద ఉంచి, ఒక కొసను తుప్పు గీకిన గొట్టానికి, రెండో కొసను పశువు నిలబడే చోట తడి గుడ్డ మీద ఉంచిన రేకుకు ఆనించండి. డిజిటల్ మీటరు ఉత్తుత్తి వోల్టులు కూడా చూపుతుంది కనుక రెండు కొసల మధ్య 470 ఓముల రెసిస్టరు కలిపి చూస్తే పశువు ఒంట్లోంచి నిజంగా పోయేది ఎంతో తెలుస్తుంది. కొట్టంలోని బల్బు, ఫ్యాను, గడ్డి కత్తిరించే యంత్రం, నీళ్ల మోటారు, ఒక్కొక్కటి వేసి, ఆపి, అంకె మారుతున్నదేమో గమనించండి. పది వోల్టులు దాటితే ఇంకేమీ ముట్టుకోకుండా మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మెయిన్ ఆపినా వోల్టులు తగ్గకపోతే లోపం మీ కొట్టంలో లేదు, లైన్‌మన్‌కు చెప్పవలసిన పని.

పరిష్కారం సరైన న్యూట్రల్ తీగ వేయించడం, విడిగా ఎర్తింగ్ చేయించడం, ట్రెవిస్‌ను, తొట్టిని, గచ్చులోని ఇనుప ఊచలను ఒకదానితో ఒకటి కలిపించడం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి కారితే దానంతట అదే పడిపోయి సరఫరా ఆపే స్విచ్) తప్పక పెట్టించండి, అది మనుషుల ప్రాణం కాపాడుతుంది. అయితే పశువును వేధించేది నాలుగు నుంచి ఎనిమిది మిల్లీ ఆంపియర్లే కాబట్టి, అది పడిపోలేదు గనుక కరెంటు లేదని మాత్రం అనుకోకండి.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. లోపం సరిచేసిన మర్నాడు ఆ గేదె ట్రెవిస్‌లోకి రాలేదు, పది రోజులు రాలేదు. గేదెకు కిందటి దెబ్బ గుర్తుంది, దాన్ని చూసి యజమాని మా నిర్ధారణనే అనుమానించాడు. అలాంటప్పుడు ఆ చోట ఎన్నడూ నిలబడని పశువును తెచ్చి చూడండి. అది నిబ్బరంగా వెళితే మరమ్మతు సరిగా జరిగినట్టే. పాత గేదెకు మాత్రం రోజూ దాణా ట్రెవిస్ ముందు, తరువాత లోపల పెట్టి, అడ్డు గొట్టం వేయకుండా తిని పోనివ్వండి.

లక్షణం: మనిషి మీదికి రావడం

కొత్తగా ఈనిన తల్లి అయితే దూడకూ దానికీ మధ్యకు వెళ్లకండి. ఒంగోలు కోడె పక్కకు తిరిగి, తల దించి, నేల గీరుతున్నదంటే అది హెచ్చరిక. వీపు చూపించకుండా వెనక్కి జరగండి. అటువంటిదాన్ని ఒక్కరే పట్టకుండా రెండు వైపులా రెండు పగ్గాలతో ఇద్దరు నడపాలి. ఖనిజ లోపాలు, మెదడు జబ్బులు దీనికి కారణం కావడం అరుదు, వాటిని పశువైద్యుడే తేల్చాలి.

ఒక్క రేబిస్‌ను మాత్రం అరుదని తీసిపారేయకండి. గొంతు బొంగురుపోయి ఆగకుండా అరుస్తూ, చొంగ కారుస్తూ, నీళ్లు మింగలేని పశువు గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చేయి పెట్టకండి. తాళ్లూ వేయకండి, గేటు మూసి దూరంగా ఉండి పశువైద్యుడికి కబురు పంపండి. ఇప్పటికే చేయి పెట్టి ఉంటే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి.