వెన్ను ఆపరేషన్‌కు ముందు: డుషెన్ పిల్లల ఇంట్లోవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

డుషెన్ అంటే కండరాలు క్రమంగా కరిగిపోయే జబ్బు. దాంతో వెన్ను వంకర తిరిగితే రాడ్లు వేసి సరిచేస్తారు, ఆ ఆపరేషన్ గురించే ఇది. గోదావరి లంకల్లో ఉండేవాళ్లయితే ముందుగా ఆపరేషన్ ఏ నెలలో పడుతుందో చూసుకోండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరిని నమ్మలేం. కుట్లు ఆరని పిల్లాణ్ని నలుగురు పట్టుకుని పడవలోకి దించడం ఒకసారి చూశాను, చాలు.

తేదీ కన్నా పెద్ద ప్రశ్న ఇంకోటుంది. అది ఎవరూ అడగరు. "ఆపరేషన్లో నరాల మానిటరింగ్ పెడతారా? మావాడి కండరాల్లో సిగ్నల్ వస్తుందా?"

ధవళేశ్వరం దగ్గర నీళ్లు 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు కదా, ఇదీ అలాంటిదే. రాడ్లు వేసి వంకర తీసేటప్పుడు వెన్నుపాము నలిగితే వెంటనే తెలియాలి. ఒక పద్ధతిలో చీలమండ దగ్గర నరానికి కొంచెం కరెంటు ఇచ్చి, అది మెదడు దాకా చేరుతోందా అని చూస్తారు. రెండోదాంట్లో తల మీద కరెంటు ఇచ్చి, కాళ్లూ చేతుల కండరాలు పలుకుతున్నాయా అని చూస్తారు. డుషెన్‌లో చిక్కంతా ఈ రెండోదాంతోనే. కండరం కరిగి కొవ్వు చేరిపోయాక, వెన్నుపాము బాగున్నా సిగ్నల్ పిసరంతే రావచ్చు, అసలు రాకనూ పోవచ్చు. అందుకే కోత పెట్టకముందే మొదటి కొలత తీసుకోవాలి. ఏ వేళ్లలో, ఏ పాదంలో బలం మిగిలిందో మీకు తెలిసినంత ఎవరికీ తెలీదు, చెప్పండి. రెండోది పలక్కపోతే మొదటిదే దిక్కు. అందులో అల ఎత్తు సగానికి పడిపోతే ప్రమాదమనే లెక్క. అప్పుడు బీపీ, మత్తు, రాడ్ల బిగువు అన్నీ సరిచూస్తారు.

మత్తు డాక్టరుతో విడిగా కూర్చోండి. పీల్చే గ్యాస్ మత్తు సిగ్నల్‌ను అణిచేస్తుంది. పైగా ఈ పిల్లల్లో కండరాలు చితికి, రక్తంలో పొటాషియం పెరిగి, గుండె ఆగే ముప్పూ ఉంది. కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ ఇంజెక్షన్‌తోనూ అదే భయం, అది అసలు వద్దు. ప్రొపోఫోల్ లాంటి మత్తుమందులు రక్తనాళంలోకి ఎక్కిస్తే రెండు చిక్కులూ తప్పుతాయి. కండరాలు సడలించే మిగతా మందులు కూడా సిగ్నల్‌ను చెరుపుతాయి, వీళ్లలో వాటి ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. 'డుషెన్, గ్యాస్ వద్దు, సక్సినైల్‌కోలిన్ వద్దు' అని పెద్దక్షరాలతో రాసి ఫైలు మొదటి పేజీకి అంటించండి. డాక్టర్లకు తెలీదని కాదు, డ్యూటీలు మారతాయి.

మూర్ఛలు వచ్చినా, పేస్‌మేకర్ ఉన్నా, పన్ను ఊగుతున్నా దాచొద్దు. తల మీద కరెంటు ఇచ్చినప్పుడు దవడ బిగుసుకుని నాలుక తెగొచ్చు, పళ్ల మధ్య మెత్త పెడతారో లేదో అడగండి. ఎకో (గుండె స్కాన్), ఊపిరితిత్తుల పరీక్ష ఎలాగూ ఉంటాయి. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి. దగ్గో జ్వరమో వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ఇంజెక్షన్ చేయించి ఊరుకోకుండా, సర్జన్‌కు ఫోన్ చేయండి.

ముందురోజు సాయంత్రం ఫోన్లో ఒక వీడియో తీయండి, కాలి వేళ్లు ఒక్కొక్కటీ కదపమని. మెలకువ వచ్చాక "బొటనవేలు కదపరా" అంటే కదపకపోవచ్చు. అది నిన్న కదిలిందా, ఏడాదిగా కదలడం లేదా అన్నది ఆ వీడియో చూపిస్తే డాక్టర్లకు అర్థమవుతుంది.