ఇంట్లోనే త్రికోణమితి, 4వ పాఠం: కమాను కింద బాణం

పోయిన పాఠంలో 24 మెట్ల సైన్ పట్టికను చేత్తో తయారు చేసుకున్నాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈ పూట దాన్ని అడుగు నుంచి పైకి చదవబోతున్నాం. ఒక టేపు, బారెడు దారం కూడా కావాలి.

ముందు నా పరువు పోయిన సంగతి చెప్తాను. నల్గొండలో మా ఇంటి వరండాకు కమాను కట్టించాం. దానికి ఇనుప గ్రిల్ పెట్టించాలి. వెల్డింగ్ షాపతను వంపు వ్యాసార్ధం ఎంతో రాసివ్వమన్నాడు. కమాను అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు 120 సెంటీమీటర్లు. నడిమి ఎత్తు కొలుద్దామంటే అక్కడ లైటు వైరు వేలాడుతోంది. బద్ధకించి జానెడు పక్కన టేపు పెట్టాను. 18 వచ్చింది. లెక్క వేసి 109 అని రాసిచ్చాను. గ్రిల్ తెచ్చి నిలబెడితే పైన రెండు సెంటీమీటర్ల సందు! "మీరిచ్చిన లెక్కకే వంచినం సార్" అన్నాడతను. నిజమే, తప్పు నాది. ఎత్తు 20, వ్యాసార్ధం సరిగ్గా 100. రెండు సెంటీమీటర్ల తేడా వ్యాసార్ధంలో తొమ్మిదైంది. ఎట్లయిందో ఈ పాఠం అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

నేను కొలవబోయి తప్పిన ఆ నడిమి ఎత్తుకు ఒక పేరుంది. సంస్కృత గణితంలో వృత్తం ముక్కను విల్లుగా చూశారు. వంపు చాపం, అంటే విల్లు. రెండు కొసలను కలిపే గీత జ్య, అంటే వింటినారి. నారి నడిమి నుంచి వంపు దాకా నిలబడేది శరం, అంటే బాణం. మనం ఊరి మొదట్లో కట్టే కమాను కూడా ఉర్దూలో విల్లే. పాఠ్యపుస్తకం చాపం అంటుంది, మేస్త్రి కమాన్ అంటాడు, మాట రెండు, వస్తువు ఒకటి. పాపం బాణమే మధ్యలో ఎక్కడో జారిపోయింది. పదో తరగతిలో సైన్, కొసైన్, టాన్జెంట్, వాటి తిరగేసిన అన్నదమ్ములు ముగ్గురు ఉంటారు, ఇది ఉండదు.

వ్యాసార్ధం 1 అనుకోండి. నారి కేంద్రం దగ్గర చేసే కోణంలో సగం తీసుకోండి. సగం నారి ఆ సగం కోణానికి సైన్, పొట్టిగా దాన్నీ జ్య అనే అన్నారు. కేంద్రం నుంచి నారి దాకా ఉన్న దూరం సగం కోణానికి కొసైన్. వంపు దాకా మొత్తం 1. మిగిలినదే బాణం: 1 నుంచి కొసైన్ తీసేస్తే వచ్చేది. దీన్ని వర్సైన్ అంటారు. మన పాత పేరు ఉత్క్రమజ్య.

ఉత్క్రమం అంటే వెనక్కి నడవడం. ఆ పేరెందుకో తెలియాలంటే పట్టిక తీయండి. ఆర్యభటుడు 499లో ఇచ్చిన, మెట్టుకూ మెట్టుకూ మధ్య సైన్ తేడాలు 225, 224, 222, 219 అని మొదలై 51, 37, 22, 7తో ముగుస్తాయి. (ఈ అంకెలను ఆయన అక్షరాల్లో దాచాడు. మొదటిది 'మఖి'. హల్లుల వరుసలో 'మ' ఇరవై అయిదోది కాబట్టి 25, 'ఖ' రెండోది, దానికి ఇ-కారం తగిలితే వంద రెట్లు కాబట్టి 200. మొత్తం 225. బట్టీ పట్టేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి!) పైనుంచి కూడుతూ వస్తే సైన్ పట్టిక వచ్చింది. ఇప్పుడు అడుగు నుంచి కూడండి. 7. దానికి 22 కలిపితే 29. 37 కలిపితే 66. 51 కలిపితే 117. తర్వాత 182, 261, 354, 460... సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథంలో ఉత్క్రమజ్యల వరుస ఇదే. ఆగకుండా పదహారో మెట్టు దాకా పోండి, 1719 రావాలి. 24 మెట్లకు 90 డిగ్రీలు కాబట్టి పదహారో మెట్టంటే 60 డిగ్రీలు. ఈ పట్టికలో వ్యాసార్ధం 3438, దానిలో సరిగ్గా సగం 1719. 60 డిగ్రీల కొసైన్ అర కాబట్టి 1 నుంచి తీసేస్తే అరే మిగలాలి. మిగిలింది. నాకు మొదటిసారి ఇది కుదిరినప్పుడు కాగితం పట్టుకుని ఇంట్లో అందరికీ చూపించాను. ఎవరూ పట్టించుకోలేదనుకోండి.

ఇంకో ముచ్చట. ఈ జ్య అరబ్బుల దగ్గరికి పోయి 'జీబ' అయింది. అచ్చులు రాయని లిపి కావడంతో తర్వాతివాళ్లు దాన్ని 'జైబ్' అని చదివారు, అంటే బట్ట మడత. లాటిన్‌లోకి తెచ్చినవాళ్లు ఆ అర్థాన్నే పట్టుకుని 'సైనస్' అన్నారు, అదే మన సైన్. ఆ జైబే ఉర్దూ మీదుగా వచ్చి మన అంగీకి జేబైంది. శరం మాత్రం దారి తప్పలేదు. అరబ్బీలో 'సహ్మ్', లాటిన్‌లో 'సాజిట్టా', రెండింటికీ అర్థం బాణమే.

ఇక పని. ఆర్యభటీయం గణితపాదంలో ఒక సూత్రం ఉంది: నారికి ఇటు బాణాన్ని, అటు బాణాన్ని గుణిస్తే సగం నారి వర్గం వస్తుంది. అటు బాణం అంటే వ్యాసంలో మన బాణం పోగా మిగిలింది. దీన్ని మన అవసరానికి ఇట్లా తిప్పుకుందాం:

వ్యాసం = (సగం నారి × సగం నారి) ÷ బాణం + బాణం

మా కమానుకు వేయండి. సగం నారి 60, వర్గం 3600. 20తో భాగిస్తే 180, మళ్లీ 20 కలిపితే 200. వ్యాసార్ధం 100. నేను కొలిచిన 18 వేస్తే 200కు 18 కలిపి 218, సగం 109. బాణం భాగించే చోట కూర్చుంది, అందుకే చిన్న తప్పును పెద్దది చేసి చూపిస్తుంది. వంపు ఎంత సన్నగా ఉంటే అంత జాగ్రత్తగా కొలవాలి.

అంత సన్నని వంపులు కొలిచేవాళ్లు రైల్వే ట్రాక్ మనుషులు. బీబీనగర్ నుంచి నల్గొండ మీదుగా గుంటూరు పోయే లైను కానీ, మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలు పోయేది కానీ, మలుపు వ్యాసార్ధం కొలవడానికి కేంద్రం దగ్గరికి పోలేరు, అది ఎవరి చేనులోనో ఉంటుంది. 20 మీటర్ల దారాన్ని బయటి పట్టా మీద బిగించి, నడిమిట్ల పట్టాకూ దారానికీ సందు మిల్లీమీటర్లలో చూస్తారు. దాన్ని ఇప్పటికీ వర్సైన్ అనే అంటారు. సందు 25 వచ్చిందనుకోండి. సగం నారి 10,000 మిల్లీమీటర్లు, వర్గం పది కోట్లు, 25తో భాగిస్తే 40 లక్షల మిల్లీమీటర్లు. అంటే వ్యాసం 4 కిలోమీటర్లు, వ్యాసార్ధం 2. చివర్లో కలపాల్సిన 25 మిల్లీమీటర్లను ఇక్కడ ఎవరూ లెక్కచేయరు. మీరు మాత్రం ఇది పట్టాల మీదికి పోయి చేయకండి.

సముద్రంలో దీని తమ్ముడు పని చేశాడు. సగం వర్సైన్‌కు 1835లో ఓడల లెక్కలు నేర్పే ఇంగ్లీషు పండితుడు జేమ్స్ ఇన్మన్ హావర్సైన్ అని పేరు పెట్టాడు. ఓడ స్థానం లెక్కకు కొసైన్ ఉండగా ఇదెందుకంటే, నాలుగంకెల పట్టికలో అర డిగ్రీ కొసైన్ చూడండి, 1.0000 అని ఉంటుంది. 1 నుంచి తీసేస్తే సున్నా, దగ్గరి దూరాలన్నీ మాయం. హావర్సైన్ అంటే సగం కోణపు సైన్ వర్గం, చిన్న కోణాలకూ అంకెలు మిగులుతాయి. పైగా ఎన్నడూ మైనస్‌లోకి పోదు కాబట్టి లాగరిథమ్ వేయడానికి ఇబ్బంది లేదు. ఇప్పుడు రెండు ఊళ్ల మధ్య దూరానికి ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడేది ఎక్కువగా ఇదే.

ఒకసారి మనమూ వేద్దాం. నల్గొండ 17.05 ఉత్తరం, 79.27 తూర్పు. మహబూబ్‌నగర్ 16.74, 77.99. అక్షాంశాల తేడా 0.31, దాని హావర్సైన్ 0.0000073. రేఖాంశాల తేడా 1.28, దాని హావర్సైన్ 0.0001248. ఈ రెండోదాన్ని రెండు ఊళ్ల అక్షాంశాల కొసైన్‌లతో గుణిస్తే 0.0001142. రెండూ కలిపితే 0.0001215. వర్గమూలం 0.01102. ఇంత చిన్న సంఖ్యకు ఆర్క్‌సైన్ (సైన్ నుంచి వెనక్కి కోణానికి పోవడం) రేడియన్లలో తీసినా అదే వస్తుంది, కాబట్టి నేరుగా రెండింతలు చేసి భూమి వ్యాసార్ధం 6371తో గుణించండి. సుమారు 140 కిలోమీటర్లు. బస్సు తిరిగే మలుపులు ఇందులో లేవు.

ఇంటిపని రెండు. పగిలిన కుండ మూతి పెంకు ఒకటి వెతకండి. నారి 8 సెంటీమీటర్లు, బాణం 1 వస్తే కుండ మూతి వ్యాసం 17. మీ పెంకుకు ఎంతో చూడండి. రెండోది, ఊర్లో గుండ్రటి గట్టున్న పాత బావి. రెండు మీటర్ల తిన్నని కర్రను గట్టు మీద అడ్డంగా పెట్టి, రెండు కొసలూ గట్టు బయటి అంచుకు తగిలేట్టు జరిపి, కర్ర నడిమి నుంచి ఆ అంచు దాకా కొలవండి. లోపలికి వంగే పనే లేదు. కర్ర నడిమి ఎక్కడో ముందే సుద్దతో గీత పెట్టుకోండి, వైరు అడ్డం వస్తే పక్కకు తీయండి.