కుక్కకు ఇంట్లోనే మెడబిళ్ళ, నాలుగో పాఠం: ఆరూ తొమ్మిదీ

మూడో పాఠం తర్వాత మీరు పంపిన బిళ్ళల ఫొటోలన్నీ చూశాను. అసలు ఈ వారం రింగు తగిలించి, బెల్టుకు వేసి ముగించేద్దామనుకున్నా. కుదిరేలా లేదు. సగం బిళ్ళలు సాసర్లలా వంగిపోయాయి. కొన్నిట్లో ప్రతి అంకె పక్కనా దాని నీడ కూడా పడింది. ముగ్గురైతే తప్పు ఫోన్ నెంబరు కొట్టి, తప్పని తెలియకుండానే "ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగారు. ఫొటోలో పక్కనే కాగితం మీద రాసుకున్న అసలు నెంబరు ఉంది కాబట్టి నాకు తెలిసింది.

ముందు వంకర సంగతి. రేకు కింద చెక్క పెట్టుకుంటే బిళ్ళ వంగక మానదు. పంచ్ అంటే మొన మీద అంకె ఉన్న ఇనుప కడ్డీ, రేకు మీద నిలబెట్టి సుత్తితో కొడతాం. ఆ దెబ్బకి చెక్క లోపలికి పోతుంది, దానితోపాటు రేకూ పోతుంది. కింద గట్టి ఇనుము ఉండాలి. కమ్మరివాళ్ళ దాగలి కొనమని నేను చెప్పను. వెల్డింగ్ షాపులో అరంగుళం మందం ప్లేటు ముక్క అడగండి, అరచేయంత ఉంటే చాలు. పాత ఇనుము కొట్టుకి వెళ్ళి రైలు పట్టా ముక్క అడిగినవాళ్ళకి ఒక మాట: అది రైల్వే సొత్తు. అక్రమంగా దగ్గర పెట్టుకున్నవాళ్ళ మీద కేసు పెట్టడానికి 1966 నుంచీ ఒక చట్టమే ఉంది. కుక్క బిళ్ళ కోసం అంత సాహసం వద్దు. ప్లేటును నేల మీదే పెట్టండి, బల్ల మధ్యలో పెడితే బల్ల ఊగి దెబ్బ వృథా అవుతుంది. ఇప్పటికే వంగిన బిళ్ళను ప్లేటు మీద బోర్లించి, పైన చెక్కముక్క పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

నీడలు పడటానికి కారణం రెండో దెబ్బ. మొదటి దెబ్బకి పంచ్ ఎగిరి, వెంట్రుకవాసి పక్కన దిగుతుంది. మీరు మళ్ళీ కొడతారు. ఒక్కటే కొట్టండి, గట్టిగా కొట్టండి. ఒక మిల్లీమీటరు ఇత్తడికి అరకిలో సుత్తి సరిపోతుంది. అల్యూమినియం ఇంకా మెత్తన. మొదటిసారి చేసేవాళ్ళు ఇత్తడి జోలికి పోవద్దని రెండో పాఠంలోనే అన్నాను, ఎవరూ వినలేదు. అందంగా ఉంటుందని నాకూ తెలుసు.

ఇక అసలు గొడవ.

మీరు కొన్న అంకెల సెట్టు తెరిచి లెక్కపెట్టండి. తొమ్మిది పంచ్‌లే ఉంటాయి, సున్నా నుంచి ఎనిమిది వరకు. కొట్టువాడు మోసం చెయ్యలేదు. ఆరునే తలకిందులు చేస్తే తొమ్మిది. అంటే మీ నెంబరులో ఆరు గానీ తొమ్మిది గానీ ఉన్న ప్రతిచోటా పంచ్ ఎటు తిరిగి ఉందో చూసుకోవాలి. పంచ్ మొన మీద అంకె అద్దంలోలా తిరగబడి ఉంటుంది కాబట్టి, దాన్ని చూసి తేల్చుకుందామంటే బుర్ర తిరుగుతుంది. ఆరేమో, అద్దంలో ఆరేమో, తలకిందులుగా అద్దంలో తొమ్మిదేమో! పక్కన కాడ మీద చెక్కిన అంకె చూసి పట్టుకోవచ్చు కదా అంటారు. అన్ని సెట్లలో అది ఒకే వైపు ఉండదు. నా దగ్గర ఉన్న రెండు సెట్లలో ఒకదాంట్లో అది నా వైపుంటే అంకె నిటారుగా పడుతుంది, రెండోదాంట్లో తలకిందులుగా పడుతుంది.

మన దేశంలో మొబైల్ నెంబర్లు ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిదిలో దేనితోనైనా మొదలవుతాయి. అందుకని మొదటి అంకె తిరగబడినా అది తప్పు నెంబరులా కనిపించదు, శుభ్రంగా ఇంకెవరి ఫోనో మోగుతుంది. నాకు జరిగిందే. మా కుక్క నల్లోడు ఒకసారి దీపావళి టపాకాయలకి బెదిరి గోడ దూకేశాడు. రెండు వీధుల అవతల టీకొట్టాయన పట్టుకుని, బిళ్ళ చూసి మూడుసార్లు ఫోన్ చేశాడట. మూడుసార్లూ ఎవరో ఆటో ఆయన ఎత్తి, నాకు కుక్కే లేదు మొర్రో అన్నాడట. రెండు రోజులు టీకొట్టులో బన్ను ముక్కలు తిని, మూడో రోజు వాడంతట వాడే ఇంటికొచ్చాడు. బిళ్ళ తీసి చూస్తే ఏడో అంకె ఆరు ఉండాల్సిన చోట తొమ్మిది ఉంది.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. పనికిరాని రేకు మీద పంచ్ కొట్టి చూడండి. ఆరు నిటారుగా పడినప్పుడు మీ వైపున్న కాడ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి. ఎర్ర చుక్క మీకు కనిపిస్తుంటే ఆరు, అవతలికి పోతే తొమ్మిది. మిగతా ఎనిమిదింటికీ అలాగే పెట్టండి. ఏడు తలకిందులుగా కొట్టినవాళ్ళూ ఉన్నారు, పేర్లు చెప్పను. తప్పు పడ్డాక వెనకనుంచి కొట్టి సరిచేద్దామని చూడకండి, పోదు. కొత్తది కత్తిరించుకోండి.

పది అంకెలూ ఒకే వరుసలో పట్టవు. మూడు మిల్లీమీటర్ల అంకెలైతే వరుస మూడు సెంటీమీటర్లు దాటుతుంది, మన బిళ్ళ అడ్డంగా అంతే. అయిదూ అయిదుగా రెండు వరుసలు కొట్టండి. ఇన్సులేషన్ టేపు అంటించి దాని అంచుకి పంచ్ ఆనిస్తే వరుస వంకర పోదు. ముందు మూడో అంకె మధ్యలో కొట్టి, తర్వాత రెండు, ఒకటి, ఆపైన నాలుగు, అయిదు. నెంబరు పైన ఇంగ్లీషు అక్షరాల్లో కాల్ అని కొడితే చూసేవాళ్ళు బిళ్ళను తలకిందులుగా చదవరు.

కుక్క పేరు తెలుగులో ఉండాలని చాలామంది అడిగారు. తెలుగు అక్షరాల పంచ్‌లు బజార్లో నాకు కనబడలేదు. స్టీలు సామాన్ల కొట్టులో పెళ్ళి గిన్నెల మీద పేర్లు కొట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే బిళ్ళ వెనక నిమిషంలో చెక్కిస్తాడు. నన్నడిగితే పేరే వద్దు. తప్పిపోయిన కుక్కను ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే ఎవరి వెంటైనా పోతుంది. ఆ జాగాలో ఇంట్లో ఇంకొకరి నెంబరు కొట్టండి. లండన్‌లో ఉంటున్న ఒకావిడ ఇదే బిళ్ళ అక్కడ పనికొస్తుందా అని అడిగారు. బ్రిటన్‌లో 1992 నాటి ఉత్తర్వు ప్రకారం బయట తిరిగే కుక్క బెల్టు మీద గానీ బిళ్ళ మీద గానీ యజమాని పేరు, చిరునామా ఉండాలి. ఫోన్ నెంబరు ఒక్కటే చాలదు, కాబట్టి మీరు పెద్ద బిళ్ళ కత్తిరించుకోండి.

నల్ల రంగు సంగతి చిన్నదే. ఇత్తడైతే ముందే చింతపండుతో తోమి ఆరబెట్టండి. అంకెల్లో నల్ల ఎనామిల్ పూసి, పైపైన గుడ్డతో తుడిచెయ్యండి. ఆరాక వాటర్ పేపర్, అదే సన్నటి గరుకు కాగితం, ఒకసారి ఆడించండి. రంగు వేశాక చింతపండు పెట్టకండి.

అభ్యాసం. పనికిరాని రేకు మీద 69, 96, 699, 966 వరుసగా ఇరవైసార్లు కొట్టండి. ఒక్కటి తిరగబడినా మళ్ళీ మొదటినుంచి. విసుగు పుడుతుంది, అందుకే ఇచ్చాను. అవన్నీ అయ్యాకే అసలు బిళ్ళ. దాన్ని సుతిలితో కుక్క మెడకు కట్టి, సాయంత్రం దీపాలు పెట్టే వేళ, మీ నెంబరు తెలియని పక్కింటివాళ్ళను పిలవండి. ఒక చేత్తో కుక్కను పట్టుకుని, రెండో చేత్తో బిళ్ళ చూసి డయల్ చెయ్యమనండి. మీరు పక్కనుంచి అందించకూడదు. మీ ఫోన్ మోగినవాళ్ళు వచ్చే వారానికి రెండు చుట్ల స్టీలు రింగు తెచ్చి పెట్టుకోండి.