ద్వీపంలో కుక్కల ఆపరేషన్ క్యాంప్ – వాలంటీర్ పాఠాలు, 4వ భాగం: మత్తు దిగే గంట

గత పాఠంలో కుక్కను తూకం వేయించడం, మత్తు ఇంజెక్షన్ ఇచ్చేదాకా కదలకుండా పట్టుకోవడం నేర్చుకున్నాం. ఈసారి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయ్యి, కుక్కను బల్ల మీద నుంచి దించాక ఏం చేయాలో చూద్దాం. డాక్టర్ ఆఖరి కుట్టు వేసి కత్తెర పక్కన పెట్టగానే పని అయిపోయినట్టు అనిపిస్తుంది. అందరి ధ్యాసా తర్వాతి కుక్క మీదికి పోతుంది. కానీ మత్తు వల్ల చనిపోయే కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లో సగానికి పైగా చనిపోయేది బల్ల మీద కాదు, దించిన తర్వాతే. అందులోనూ మొదటి 3 గంటల్లోనే ఎక్కువ. ఆ సమయంలో కుక్క పక్కన కూర్చునేది డాక్టర్ కాదు, మీరు. అందుకే ఈ పాఠం నాకు మిగతా వాటికంటే ముఖ్యం.

మన ఉదాహరణ ఇప్పుడూ ఇండోనేషియాలోని బాలి ద్వీపమే. 2008 దాకా అక్కడ రేబిస్ లేదు. ఆ ఏడాది దక్షిణ కొసన ఉన్న బుకిట్ ప్రాంతంలో మొదలై ద్వీపమంతా పాకింది. మొదట్లో స్ట్రిక్నిన్ విషంతో కుక్కల్ని చంపుకుంటూ పోయారు, రేబిస్ ఆగలేదు. 2010లో ద్వీపమంతటా కుక్కలకు టీకాలు వేయడం మొదలుపెట్టాకే రేబిస్‌తో మనుషుల చావులు తగ్గుముఖం పట్టాయి. ఒక చోట ఉన్న కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే రేబిస్ పాకడం ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కానీ ఈత ఈతకూ టీకా లేని పిల్లలు వచ్చి కలుస్తుంటే ఆ 70 జారిపోవడానికి ఎంతో కాలం పట్టదు. టీకా నిలవాలంటే పుట్టుకలు తగ్గాలి. మనం ఆ టైల్స్ మీద గంటల తరబడి కూర్చునేది అందుకే.

టైల్స్ అన్నాను కదా, అసలు విషయం అక్కడే ఉంది. బాలిలో ప్రతి బంజార్‌కూ, అంటే ఊరిలోని ఒక్కో వాడకూ, ఒక సమావేశ మంటపం ఉంటుంది. పైన కప్పు, చుట్టూ స్తంభాలు, కింద నున్నటి నేల. ఊరూరా తిరిగే క్లినిక్కులు ఎక్కువగా అలాంటి చోటే దిగుతాయి. బయట ఎండ మండిపోతుంటుంది, మీ చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంటుంది. ఇంత ఉక్కలో కుక్కకు చలేమిటి అనుకుంటారు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అలాగే అనుకుంటారు.

కానీ కుక్క వైపు నుంచి చూడండి. మత్తులో ఉంటే ఒళ్లు వణకదు, ముడుచుకుని పడుకోలేదు. పొట్ట మీద వెంట్రుకలు గొరిగేశారు, స్పిరిట్‌తో తుడిచారు, పొట్ట తెరిచి కాసేపు గాలికి ఉంచారు. అంతా అయ్యాక చల్లటి నేల మీద పెట్టారు. ఒళ్లు చల్లబడితే కాలేయం మత్తుమందును నెమ్మదిగా విరుస్తుంది. మందు విరగకపోతే మత్తు దిగదు. మత్తు దిగకపోతే వణుకు రాదు, ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. ఈ చుట్టు తిరగడం మొదలయ్యాక ఆపడం కష్టం, మొదలవకుండా చూసుకోవడం తేలిక.

కాబట్టి కుక్కను దించే ముందే చోటు సిద్ధం చేసుకోండి. కింద అట్టపెట్టె ముక్క, దాని మీద పాత వార్తాపత్రికలు, పైన పొడి తువ్వాలు. తువ్వాలు ఒక్కటే వేస్తే నేల చల్లదనం ఆగదు. ప్లాస్టిక్ సీసాల్లో గోరువెచ్చని నీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, వీపు పక్కన ఒకటి, కాళ్ల మధ్య ఒకటి పెట్టండి. చుట్టిన సీసాను ముందు మీ మోచేతి లోపలి వైపు కాసేపు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే కుక్కకూ అంతే. తేడా ఏమిటంటే మీరు చెయ్యి తీసేస్తారు, మత్తులో ఉన్న కుక్క తప్పుకోలేదు, చర్మం కాలిపోతుంది. సీసా చల్లారితే వెంటనే తీసేయండి, అది కుక్క ఒంట్లో వేడిని తిరిగి లాగేసుకుంటుంది. వెచ్చగా ఉంటుందని ఎండలో పడుకోబెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. నిద్రలో ఉన్న కుక్క నాలుక చాచి రొప్పలేదు, నీడలోకి జరగలేదు.

ఇక చూడాల్సినవి. ముందు ఊపిరి. అర నిమిషం పాటు ఛాతీ ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి 10 నుంచి 30 మధ్య ఉంటే సరే. 8 కంటే తగ్గినా, ఛాతీ లేస్తున్నా ముక్కు దగ్గర గాలి తగలకపోయినా డాక్టర్‌ని కేకేయండి. మెడ వంగిపోకుండా తల, వీపు ఒకే వరసలో చాచి ఉంచండి. తల కింద దిండు పెట్టకండి, గొంతు మడతపడుతుంది. నాలుకను పక్కకు లాగి బయటికి ఉంచండి, ఊపిరి సాఫీగా ఆడుతుంది. గొంతులో ట్యూబ్ ఉంటే, కుక్క మింగడం మొదలుపెట్టగానే తీసేయాలి. ఎవరు తీయాలన్నది ఆ క్లినిక్ డాక్టర్ చెప్పినట్టు.

తర్వాత చిగుళ్లు. పై పెదవి ఎత్తి, కోరపన్ను పైన చిగురు మీద బొటనవేలితో నొక్కి వదలండి. తెల్లబడ్డ చోట 2 సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. బాలి కుక్కల్లో చాలావాటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి, రంగు తెలియదు. అప్పుడు కింది కనురెప్పను మెల్లగా దించి లోపలి రంగు చూడండి. పాలిపోయి ఉంటే లోపల రక్తం పోతోందేమోనని అనుమానించాలి. ఇలాంటి వేడి ద్వీపాల్లో పేలు, గోమార్లు ఎక్కువ. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో రక్తం గడ్డకట్టించే కణాలు పడిపోతాయి. పైకి ఆరోగ్యంగా కనిపించిన కుక్కకు కూడా కుట్ల నుంచి చుక్క చుక్కగా కారుతూనే ఉండొచ్చు. చుక్కలు ఆగకపోయినా, పొట్ట ఉబ్బుతున్నట్టు అనిపించినా, ఇంకొంచెం చూద్దాం అని ఆగకండి. మీ అనుమానం తప్పని డాక్టర్ తేలిస్తే పోయేది ఒక నిమిషం.

ఆపరేషన్ అయిందని తెలిసే గుర్తు కోసం చెవి కొస కత్తిరించే క్యాంపుల్లో చెవినీ చూడండి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో చెవి కొసన గంటు ఉన్న వీధి కుక్కల్ని మీరు చూసే ఉంటారు, అదే గుర్తు. మత్తు దిగే కొద్దీ రక్తపోటు పెరిగి, ఆగిన రక్తం మళ్లీ కారొచ్చు. గాజ్ గుడ్డతో (గాయాలకు వాడే పలుచటి నూలు గుడ్డ) రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకుంటే చాలు.

మూడోది థర్మామీటర్. కొసకు వాజలిన్ రాసి మలద్వారంలో పెట్టి, గోడకు ఆనేలా కాస్త పక్కకు వంచండి. మలం మధ్యలో ఉంటే తప్పు అంకె చూపిస్తుంది. బాలిలో చార్ట్‌లు సెల్సియస్‌లో ఉంటాయి. మామూలుగా 38 నుంచి 39.2 ఉండాలి. నేను పాటించేది ఇది: 37 దిగితే సీసాలు మార్చి, పైన ఇంకో తువ్వాలు కప్పుతాను, 36 దిగితే డాక్టర్‌ని పిలుస్తాను. 40 దాటితే కప్పినవన్నీ తీసేసి, పాదాలు తడిపి, ఫ్యాన్ పెట్టి, అప్పుడూ పిలుస్తాను. పది పదిహేను నిమిషాలకోసారి కొలిచి, టైమ్‌తో సహా రాయండి. అప్పుడే కుక్కను పక్క కూడా మార్చండి, ఒకే వైపు పడుకుంటే కింది ఊపిరితిత్తి నొక్కుకుపోతుంది.

కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చిన కుక్క నిద్రలో కూడా కళ్లు తెరిచే ఉంచుతుంది. రెప్ప వేయదు కాబట్టి కళ్లు ఎండిపోతాయి. కంటి ఆయింట్‌మెంట్ వేశారా లేదా అడగండి. ఇంకో సంగతి ఎవరూ ముందుగా చెప్పరు: చీమలు. చొంగ తడికీ రక్తం వాసనకీ బారులు తీరి వస్తాయి. కదలలేని కుక్క కంటి కొసలో చీమ పాకుతుంటే తీసేయడానికి మీరు తప్ప ఎవరూ లేరు. ఈగల్ని కూడా కుట్ల మీద వాలనివ్వకండి. నీళ్ల గిన్నె బోనులో అసలు పెట్టకండి. తూలుతున్న కుక్క మూతి అందులో పడితే, చారెడు నీళ్లకే ఊపిరాడక చనిపోతుంది.

లేవబోయే ముందు చెవులు కదులుతాయి, తర్వాత నాలుకను లోపలికి లాక్కుంటుంది, తల ఊపుతుంది. అప్పటి నుంచి మీ చేతులు నోటికి దూరంగా ఉంచండి. ఎంత మంచి కుక్కయినా ఆ నిమిషంలో ఎక్కడున్నదీ తెలియక కరుస్తుంది. గొంతు తగ్గించండి, బోను మీద గుడ్డ కప్పి వెలుతురు తగ్గించండి. చాలా కుక్కలు అరుస్తాయి, కొట్టుకుంటాయి. చూస్తే మీకు టెన్షన్ వస్తుంది, కానీ చాలావరకు అది నొప్పి కాదు, అయోమయం. ఎంతకీ తగ్గకపోతే మాత్రం చెప్పండి, నొప్పి మందు చాలకపోయి ఉండొచ్చు. కరిస్తే సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ ముందస్తు టీకా వేయించుకుని ఉన్నా సరే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మొదటి పాఠంలో చెప్పినదే, బాలిలో దీన్ని వాయిదా వేయకూడదు.

స్థానిక వాలంటీర్లతో పని కాబట్టి రెండు మూడు ఇండోనేషియా మాటలు నోట్లో ఉంచుకోండి. దారహ్ అంటే రక్తం, నాపస్ అంటే ఊపిరి, డింగిన్ అంటే చల్లగా. చేత్తో చూపిస్తూ ఆ ఒక్క మాట అంటే చాలు, డాక్టర్‌కి అర్థమవుతుంది.

కుక్కను తీసుకెళ్లడానికి యజమాని స్కూటర్ మీద వస్తారు. తనంతట తాను నాలుగు అడుగులు తూలకుండా వేసేదాకా పంపకండి, ఎంత తొందరపెట్టినా సరే. మత్తులో ఉన్న కుక్క స్కూటర్ మీద నుంచి జారిపడితే కుట్లు విడిపోతాయి. ఆ రాత్రి కొంచెమే తినిపించాలని, పది రోజులు స్నానం వద్దని, కుట్లు నాకకుండా చూడాలని స్థానికుల చేత చెప్పించండి.

వచ్చే పాఠం లోపు ఒక అభ్యాసం. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న కుక్క నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టి రాయండి, లేచాక మళ్లీ లెక్కపెట్టండి. మచ్చికైన కుక్కయితే చిగుళ్లూ నొక్కి చూడండి. ఆరోగ్యంగా ఉన్న రంగు కంటికి అలవాటైతేనే పాలిపోయిన రంగును పట్టుకోగలరు. 5వ భాగం పిల్లుల గురించి: ఇవాళ నేర్చుకున్నదాంట్లో కొంతే వాటికి పనికొస్తుంది, ముఖ్యంగా మచ్చిక కాని పిల్లిని మత్తు దిగకముందే ఎందుకు తిరిగి బోనులో పెట్టి గడియ వేయాలో అక్కడ చూద్దాం.